గ్రిడ్, స్నాప్ రెండూ ఆన్‌లో ఉన్నా గీతలు ఎందుకు కలవట్లేదు?

కావలి నుంచి వచ్చిన ప్రశ్న ఇది. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చదివి, నెల్లూరులో ప్లాన్లు గీసే ఆఫీసులో చేరి మూడు నెలలైంది. కంప్యూటర్లో ప్లాన్లు గీసే ఆటోక్యాడ్‌లో ఎఫ్7 (గ్రిడ్), ఎఫ్9 (స్నాప్) ఆన్ చేసి, స్నాప్ 6 అంగుళాలు పెట్టి ఇంటి ప్లాన్ గీస్తే పది అడుగుల గది 9'-11 15/16" అని చూపిస్తోంది. రెండు గదుల్లో హ్యాచ్, అంటే లోపల నింపే గీతలు, పడట్లేదు. అనుమతి కోసం ఆన్‌లైన్‌లో ఎక్కిస్తే ప్లాట్ హద్దు మూసుకోలేదని తిరిగొస్తోంది. స్నాప్ ఎంత పెట్టాలి, ప్లాన్ మొత్తం మళ్లీ గీయాలా అని అడిగారు.

మళ్లీ గీయక్కర్లేదు. అలాగని స్నాప్ విలువ మార్చినంత మాత్రాన ఇది బాగుపడదు. ఇంటి ప్లాన్‌కు ఎఫ్9 ఆపేయండి. గ్రిడ్ కంటికి ఆనవాలుగా కావాలంటే ఉంచుకోండి, లేకపోతే అదీ తీసేయండి. కొలత కచ్చితంగా రావాలంటే రెండే దారులు: ఉన్న గీతను పట్టుకునేటప్పుడు ఆబ్జెక్ట్ స్నాప్, అంటే ఎఫ్3, కొత్త దూరం ఇచ్చేటప్పుడు కీబోర్డు మీద అంకె. మౌస్‌తో ఉత్త ఖాళీలో క్లిక్ చేసే అవసరం ప్లాన్ మొత్తానికి ఒక్కసారే వస్తుంది, మొట్టమొదటి మూల పెట్టేటప్పుడు.

పేర్లు ఒకేలా ఉండటంతో చాలామంది ఎఫ్9నీ ఎఫ్3నీ కలిపేస్తారు. ఎఫ్9 స్నాప్ కర్సర్‌ను కంటికి కనపడని చుక్కల మీదికి లాగుతుంది. అక్కడ మీ గోడ ఉందా లేదా అన్నది దానికి పట్టదు. ఎఫ్3 ఓస్నాప్ (ఆబ్జెక్ట్ స్నాప్) మాత్రం మీరు గీసిన గీత కొసను, మధ్యను, రెండు గీతలు కోసుకునే చోటును వెతికి పట్టుకుంటుంది. చుక్కల ముగ్గులో చుక్కల మీదుగా చెయ్యి పోతే ముగ్గు కుదురుతుంది, ఎందుకంటే ఆ ముగ్గును చుక్కల లెక్కకే కట్టారు. ఇల్లు చుక్కల లెక్కకు కట్టింది కాదు.

ఇప్పుడు మీ 15/16 సంగతి. ఎఫ్9 మొదటి నుంచి చివరి దాకా ఆన్‌లో ఉండి, ప్రతి క్లిక్కూ 6 అంగుళాల చుక్క మీదే పడి ఉంటే, అడ్డంగానో నిలువుగానో ఏ కొలత తీసినా 6 అంగుళాల గుణిజమే రావాలి. 9'-6" రావచ్చు, 10'-0" రావచ్చు, 15/16 అనే తోక రాదు. అది వచ్చిందంటే మధ్యలో ఎక్కడో ఎఫ్9 ఆపారన్నమాట. ఎక్కడ ఆపి ఉంటారో కూడా ఊహించవచ్చు. నాలుగున్నర అంగుళాల గోడ దగ్గరికి వచ్చేసరికి కర్సర్ 4½ మీద నిలబడదు, సున్నా మీదో ఆరు మీదో వాలుతుంది. విసుగొచ్చి ఎఫ్9 తీసేసి, దగ్గరికి జూమ్ చేసి కంటితో కలిపి, మళ్లీ ఆన్ చేస్తారు. కంటితో పెట్టిన ఆ క్లిక్కు అక్కడే ఉండిపోతుంది. స్నాప్ మళ్లీ ఆన్ చేసినా పాత బిందువులను అది సరిదిద్దదు. దాని పని ఆ తర్వాత పడే క్లిక్కుల వరకే.

అయితే 6 బదులు ఎంత పెట్టాలి అంటారా. లెక్క చూద్దాం. తొమ్మిదంగుళాల గోడ, నాలుగున్నర గోడ, అడుగు, అర అడుగు, ఇవన్నీ భాగింపబడే విలువ 1½ అంగుళం. 3 పెడితే నాలుగున్నర కుదరదు. మిల్లీమీటర్లలో గీసేవాళ్లకు 230, 115 గోడలు కుదరాలంటే 5 మిల్లీమీటర్లు పెట్టాలి, 10 పెడితే 115 తప్పిపోతుంది. మరి 1½ పెడితే సరిపోతుందా? 48 అడుగుల పొడవు ప్లాట్ తెర నిండా కనపడేలా పెట్టుకుంటే, 576 అంగుళాలు సుమారు 900 పిక్సెళ్లలో ఇమడాలి. అంటే 1½ అంగుళం రెండు పిక్సెళ్ల పైచిలుకు మాత్రమే. చెయ్యి కాస్త కదిలితే పక్క చుక్క మీద పడుతుంది, అది కంటికి ఆనదు. ఇది మరీ ప్రమాదం. 15/16 అనే తోక కనీసం అనుమానం పుట్టిస్తుంది; 9'-10½" అని శుభ్రంగా వచ్చిన తప్పును ఎవరూ అనుమానించరు.

ఇంకో చిక్కుంది. స్నాప్ చుక్కలు సున్నా, సున్నా నుంచి లెక్క. మీ ప్లాట్ మూల ఆ చుక్క మీద లేకపోతే, ఉదాహరణకు వేరే ఫైలు నుంచి కాపీ చేసి తెచ్చి ఎక్కడో దించితే, లోపల పడే ప్రతి స్నాప్ క్లిక్కూ హద్దు నుంచి అదే తేడాతో పడుతుంది. స్నాప్‌బేస్ కమాండ్ ఇచ్చి ప్లాట్ మూలను ఎండ్ పాయింట్‌తో చూపిస్తే చుక్కలు అక్కడి నుంచి మొదలవుతాయి. ఎఫ్9 వాడక తప్పని డ్రాయింగుల్లో ముందు చేయాల్సిన పని ఇదే.

గ్రిడ్ గురించి రెండు ముక్కలు చాలు. అది ప్రింటులో పడదు, కొలతకు పనికిరాదు. డీసెట్టింగ్స్ కమాండ్ ఇస్తే వచ్చే పెట్టెలో అడాప్టివ్ గ్రిడ్ టిక్ చేసి ఉంటే, వెనక్కి జూమ్ చేసేకొద్దీ చదరాలు తమంతట తాము పెద్దవైపోతాయి. చదరం 12 అంగుళాలు, మేజర్ లైన్ పదింటికి ఒకటి అని పెట్టారనుకోండి, దగ్గరగా చూసినప్పుడు ఒక చదరం అడుగు, దూరం జరిగాక అదే చదరం పది అడుగులు. చదరాలు లెక్కపెట్టి ఇంత అనుకున్నవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. అన్నట్టు, స్ట్రక్చరల్ ఇంజినీరు 'గ్రిడ్ లైన్లు పంపించు' అంటే ఎఫ్7 గురించి కాదు. అవి పిల్లర్ల సెంటర్ లైన్లు. వాటిని మీరే విడిగా ఒక లేయర్లో గీయాలి, పునాదికి ముగ్గు పోసేటప్పుడు మేస్త్రి దారం కట్టేది వాటి ప్రకారమే.

ఓస్నాప్‌లో ఏవి ఆన్‌లో ఉండాలి. అన్నీ టిక్ చేయడం మొదటి తప్పు. ఎండ్ పాయింట్, మిడ్ పాయింట్, సెంటర్, ఇంటర్‌సెక్షన్, పర్పెండిక్యులర్, ఈ అయిదూ ఎప్పుడూ ఉంచండి. కమాండ్ లైన్లో ఓఎస్‌మోడ్ అని కొట్టి 167 ఇస్తే ఈ అయిదే పడతాయి, ఎందుకంటే 1, 2, 4, 32, 128 కలిపితే 167. ఓఎస్‌మోడ్ అడిగినప్పుడు 16551 అని కనపడితే కంగారు పడొద్దు. ఎఫ్3 ఆఫ్‌లో ఉంటే అదే 167కు 16384 కలిసి కనపడుతుంది.

నియరెస్ట్‌ను ఎప్పుడూ ఆన్‌లో ఉంచకండి. మీ గదుల్లో హ్యాచ్ పడకపోవడానికి నేను మొదట అనుమానించేది దీన్నే. నియరెస్ట్ అంటే గీత మీద ఎక్కడైనా సరే, కర్సర్‌కు దగ్గరగా ఉన్న చోట పట్టుకోవడం. గోడ కొసను పట్టుకోవాలనుకుని క్లిక్ చేస్తే, కొసకు పావు అంగుళం ఇవతల గీత మీద పడుతుంది. తెర మీద కలిసినట్టే ఉంటుంది. తేడా తెలుసుకోవడానికి క్లిక్ చేసేముందు గుర్తు చూడండి. ఎండ్ పాయింట్‌కు చిన్న చతురస్రం, మిడ్ పాయింట్‌కు త్రిభుజం, సెంటర్‌కు వలయం, ఇంటర్‌సెక్షన్‌కు ఇంటూ గుర్తు. నియరెస్ట్‌కు ఇసుక గడియారం. ఆ ఇసుక గడియారం కనపడగానే వేలు ఆపండి. పక్కపక్కనే రెండు మూడు బిందువులు ఉండి మీకు కావాల్సింది దొరక్కపోతే ట్యాబ్ కీ నొక్కుతూ పోండి, ఒక్కొక్కటే మారుతుంది. ఎప్పుడో ఒకసారి కావాల్సిన క్వాడ్రంట్, టాంజెంట్ లాంటివి షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే వచ్చే పట్టీలోంచి ఆ ఒక్క క్లిక్‌కు తీసుకోవచ్చు.

ఇది నిన్నా మొన్నా వచ్చిన సదుపాయం కాదు. ఇవాన్ సదర్లాండ్ 1963లో ఎంఐటీలో చేసిన స్కెచ్‌ప్యాడ్‌లోనే, లైట్ పెన్ను గీతకో బిందువుకో దగ్గరగా వస్తే సరిగ్గా దాని మీదే ఉన్నట్టు లెక్క తీసుకునే ఏర్పాటు ఉంది. మనిషి చెయ్యి తెర మీద కచ్చితంగా నిలబడదని ఆనాడే తేలిపోయింది.

ఇక గీసే పద్ధతి. యూనిట్స్‌లో ఆర్కిటెక్చరల్ ఉందనుకుంటే, లోపలి కొలత 12 అడుగులు, 10 అడుగుల గదికి రెక్టాంగిల్ కమాండ్ ఇచ్చి మొదటి మూల పెట్టి, @12',10' అని కొట్టి ఎంటర్. తర్వాత ఆఫ్‌సెట్ (ఇచ్చిన దూరంలో సమాంతర గీత తీసే కమాండ్), 9, ఎంటర్, బయటివైపు క్లిక్. బయటి కొలత 13'-6", 11'-6" రావాలి. పక్క గది గోడకు మళ్లీ ఆఫ్‌సెట్ 4.5. ఒక్క గీత కూడా చేత్తో జరపలేదు, అందుకే తోక రాదు. గీతను గీసేటప్పుడు ఎఫ్8 (ఆర్థో, గీతను అడ్డంగానో నిలువుగానో మాత్రమే పోనిచ్చేది) ఆన్ చేసి కర్సర్‌ను దిక్కు వైపు చూపించి 10'6 అని కొట్టినా సరే. 10 అడుగులకు గుర్తు మరిచి ఉత్త 10 అని కొడితే 10 అంగుళాలే వస్తుంది, కొత్తవాళ్లు తరచూ పొరబడేది ఇక్కడే.

తలుపు పెట్టేటప్పుడు కంటి అంచనాకు దిగేవాళ్లు ఎక్కువ. మూల నుంచి 4½ అంగుళాలు వదిలి మూడడుగుల తలుపు కావాలంటే, లైన్ కమాండ్ ఇచ్చాక మొదటి బిందువు అడిగినప్పుడు ఫ్రమ్ అని టైపు చేసి ఎంటర్ కొట్టండి, గది లోపలి మూలను ఎండ్ పాయింట్‌తో చూపించండి, ఆపైన @4.5,0 ఇవ్వండి. గీత సరిగ్గా అక్కడ మొదలవుతుంది. ఇందులో @ తప్పనిసరి, లేకపోతే సున్నా, సున్నా నుంచి లెక్క పెట్టి గీత ఎక్కడికో పోతుంది. పాత గీతల వరసలో కొత్తది పెట్టాలంటే ఎఫ్11 ఉంది. కొస మీద కర్సర్‌ను క్లిక్ చేయకుండా ఒక క్షణం ఆపితే చిన్న ప్లస్ గుర్తు పడుతుంది, అక్కడి నుంచి చుక్కల గీత సాగుతుంది. ఎదురుగోడ కిటికీ ఈ గోడ కిటికీకి తిన్నగా ఉండాలంటే ఇదే పద్ధతి.

ఇప్పుడు ప్లాట్ హద్దు. అసలు తంటా ఇక్కడే ఉంది.

నెల్లూరులో ప్లాట్లు కాగితం మీద అంకణాల్లో ఉంటాయి, మన దగ్గర అంకణం 72 చదరపు అడుగులు. 20 అంకణాలు అనగానే 30 అడుగులు, 48 అడుగులు అని రెక్టాంగిల్ కొట్టేస్తారు, లెక్క 1440కి సరిపోతుంది. నేల మీద టేపు పెడితే నాలుగు వైపులా నాలుగు కొలతలు వస్తాయి. ముందు వైపు 30'-0", వెనక 30'-3", ఎడమ 48'-0", కుడి 47'-6" అనుకోండి. నాలుగు వైపులు తెలిస్తే ప్లాట్ ఆకారం తెలిసినట్టు కాదు. నాలుగు కర్రలు మేకులతో కలిపితే ఎటు నొక్కితే అటు వాలినట్టే ఇదీ వాలుతుంది. ఒక మూల నుంచి ఎదురు మూలకు క్రాస్ కొలత కూడా సైటులో తీసుకోవాలి. ముందు ఎడమ మూల నుంచి వెనక కుడి మూలకు 56'-4" వచ్చిందనుకుని గీద్దాం.

ముందు గీత 30' గీయండి. దాని ఎడమ కొస కేంద్రంగా 56'4 వ్యాసార్ధంతో వృత్తం, కుడి కొస కేంద్రంగా 47'6తో వృత్తం. రెండూ వెనకవైపు కోసుకునే చోటే వెనక కుడి మూల. మళ్లీ ఎడమ కొస నుంచి 48'తో వృత్తం, ఇప్పుడు దొరికిన వెనక మూల నుంచి 30'3తో వృత్తం, అవి కోసుకునేది నాలుగో మూల. ఇంటర్‌సెక్షన్ స్నాప్‌తో ఈ నాలుగూ కలుపుతూ పాలీలైన్ (ముక్కలన్నీ కలిసి ఒకే గీతగా ఉండేది) గీసి, చివరి గీతను క్లిక్ చేయకుండా క్లోజ్ ఆప్షన్‌తో మూసేయండి. వృత్తాలు చెరిపేయండి. ఏరియా కమాండ్ సుమారు 1438 చదరపు అడుగులు చూపిస్తుంది, 72తో భాగిస్తే 19.98 అంకణాలు. దస్తావేజులో 20 అని ఉంటే ఈ తేడా యజమానికి ముందే చెప్పాలి.

ఆన్‌లైన్ అనుమతుల డీపీఎంఎస్‌లో డ్రాయింగును మనిషి కంటే ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది. హద్దు క్లోజ్డ్ పాలీలైనేనా కాదా అన్నదే దానికి ప్రశ్న, దగ్గర దగ్గరగా ఉంటే చాలదు. చివరి మూలను మొదటి మూల మీద క్లిక్ చేసి ఎంటర్ కొట్టినా తెర మీద మూసినట్టే ఉంటుంది గానీ ప్రాపర్టీస్‌లో క్లోజ్డ్ ఎదురుగా 'నో' అని ఉంటుంది. అక్కడే దాన్ని 'యస్' చేయవచ్చు. కాకపోతే ఆ రెండు కొసల మధ్య ఖాళీ ఉంటే, 'యస్' అనగానే సన్నటి అదనపు గీత ఒకటి పుట్టుకొస్తుంది. మూలల సంఖ్య నాలుగుకు బదులు అయిదు చూపిస్తోందేమో చూడండి.

పై ప్లాట్‌లో కుడి హద్దు ముందు గీతకు లంబంగా లేదు, 0.35 డిగ్రీ బయటికి వాలింది. వినడానికి చిన్నదే. 47'-6" పొడవు పోయేసరికి మూడున్నర అంగుళాలు. ఎఫ్8 ఆన్‌లో పెట్టి ఇంటి కుడి గోడ నిటారుగా గీసి, సెట్‌బ్యాక్ (హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ) ముందు మూల దగ్గర మాత్రమే కొలిస్తే, హద్దు లోపలికి వాలిన ప్లాట్‌లో వెనక మూల దగ్గర అదే మూడున్నర అంగుళాలు తగ్గిపోతుంది. సెట్‌బ్యాక్ గీతలు ఆర్థోతో కాదు, హద్దును ఆఫ్‌సెట్ చేసి తీయండి. ఇల్లు ఏ గోడకు సమాంతరంగా ఉండాలో ముందే అడిగి, స్నాప్‌యాంగ్ అని కొట్టి ఆ హద్దు రెండు కొసలు చూపించండి. క్రాస్‌హెయిర్, ఆర్థో, గ్రిడ్ మూడూ ఆ కోణానికి తిరుగుతాయి. పని అయ్యాక స్నాప్‌యాంగ్ 0 చేయడం మరవొద్దు. వంకర ఎక్కువగా ఉన్న ప్లాట్లకు యూసీఎస్‌లో ఆబ్జెక్ట్ తీసుకుని, ఆపైన ప్లాన్ కమాండ్ ఇస్తే తెరే తిరుగుతుంది, మెడ వంచే బాధ తప్పుతుంది.

ఎఫ్9 ఎందుకూ పనికిరాదని మాత్రం అనను. ఒకే కొలత పదే పదే వచ్చే చోట దానికి సాటి లేదు. ఎలక్ట్రికల్ సింగిల్ లైన్ డయాగ్రామ్, ప్యానెల్ వైరింగ్, గుర్తులన్నీ ఒకే కొలత గళ్లలో కూర్చునే పని ఏదైనా సరే. ప్లంబింగ్ ఐసోమెట్రిక్‌కు డీసెట్టింగ్స్‌లో ఐసోమెట్రిక్ స్నాప్ పెట్టి, ఎఫ్5తో తలం మార్చుకుంటూ గీస్తే చేయి తిరుగుతుంది. స్నాప్ టైపులో పోలార్ స్నాప్ అని ఇంకోటుంది. పోలార్ ఎఫ్10 ఆన్‌లో ఉండగా గీత కోణం వెంబడి మీరిచ్చిన దూరం చొప్పున ఆగుతుంది. మెట్ల ట్రెడ్లు 10 అంగుళాల చొప్పున వేసేటప్పుడు బాగుంటుంది. ఆ తర్వాత మళ్లీ గ్రిడ్ స్నాప్‌కు మార్చకపోతే రేపు ఎఫ్9 నొక్కినా పనిచేయట్లేదని మీరే మళ్లీ అడుగుతారు.

ఒంగోలు వైపు చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌తో కిచెన్ ప్లాట్‌ఫారాలు చేసేవాళ్లకు డ్రాయింగ్ పంపే పని పడితే, అక్కడ లెక్క ఇంకా బిగువు. ఇంటి ప్లాన్‌లో నూలంత తేడా వస్తే ప్లాస్టరింగ్‌లో సర్దుకుంటుంది, రాయిని ఒకసారి కోశాక సర్దుబాటు ఉండదు. మిల్లీమీటర్లలో గీయండి. అడుగుల ప్లాన్‌ను 25.4తో స్కేల్ చేసి తెచ్చుకుంటే తొమ్మిదంగుళాల గోడ 228.6 అవుతుంది, 230 కాదు. ఒకచోట 228.6, ఇంకోచోట టైపు చేసిన 230 కలిస్తే మూల దగ్గర 1.4 మిల్లీమీటర్లు మిగులుతుంది. సింక్ కోత కంప్యూటర్ మెషీన్‌పై అయితే కోత గీత మొత్తం ఒకే క్లోజ్డ్ పాలీలైన్ కావాలి. 0.02 ఖాళీ ఉన్నా దారి తెగినట్టే లెక్క. ఒకదాని మీద ఒకటి రెండు గీతలుంటే బ్లేడు రెండుసార్లు తిరుగుతుంది, ఓవర్‌కిల్ కమాండ్ ఆ నకళ్లను తీసేస్తుంది. బ్లేడు మందం ఎంత వదలాలో మీరు ఊహించకండి, కోసేవాళ్లనే అడిగి రాయండి.

సర్వే ఫైళ్లతో ఇంకో గోల. టోటల్ స్టేషన్‌తో తెచ్చిన లేఅవుట్లు, రొయ్యల గుంటల సర్వేల్లో బిందువులకు ఎత్తు కూడా ఉంటుంది. రెండు గీతలు పైనుంచి చూస్తే కలిసినట్టే ఉంటాయి, ఒకటి 2.1 ఎత్తులో, ఇంకోటి 3.4 ఎత్తులో. జాయిన్ కాదు, మూలలు కలిపే ఫిల్లెట్ ఒప్పుకోదు, హ్యాచ్ పడదు. ప్రాపర్టీస్‌లో స్టార్ట్ జెడ్, ఎండ్ జెడ్ చూస్తే బయటపడుతుంది. ఓఎస్‌నాప్‌జెడ్ 1 పెట్టుకుని పైన కొత్తగా గీస్తే మీ గీతలన్నీ ఒకే తలంలో పడతాయి, అసలు లెవెళ్లు చెడవు. ఇలాంటి ఫైళ్లు యూటీఎం (భూమి మీది స్థానాన్ని మీటర్లలో చెప్పే పద్ధతి) 44 ఉత్తర జోన్‌లో ఉంటే నెల్లూరు దగ్గర ఉత్తరపు అంకె మీటర్లలో 15 లక్షల పైచిలుకు ఉంటుంది. దాన్ని మిల్లీమీటర్లకు మారిస్తే అంకెలు మరీ పెద్దవై హ్యాచ్‌లు, వంపులు వణికినట్టు కనపడతాయి. అసలు ఫైలును కదిలించకుండా, ఒక కాపీ తీసి ప్లాట్ మూలను సున్నాకు తెచ్చుకుని అందులో గీయండి.

ఎక్కడి నుంచో దింపుకున్న లిస్ప్ (ఆటోక్యాడ్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాం) వాడి పిల్లర్లో గుమ్మాలో వేస్తుంటే అవి అటూ ఇటూ వంకరపోతున్నాయా? లిస్ప్ ఇచ్చే బిందువులను కూడా ఓస్నాప్ పక్క గీతల వైపు లాగేస్తుంది. అది నడిపేముందు ఎఫ్3 ఆపండి. ఎఫ్3 ఎఫ్9 అన్న ఈ లెక్కంతా జీస్టార్‌క్యాడ్, జడ్‌డబ్ల్యూక్యాడ్‌లో కూడా దాదాపు ఇదే.

ఇక మీ ఫైలు బాగుచేసే వరస. ముందు ఇంకో పేరుతో సేవ్ చేయండి. యూనిట్స్‌లో పొడవు ప్రెసిషన్ 1/256కు, కోణం ప్రెసిషన్ ఎనిమిది దశాంశాలకు మార్చండి. ఇప్పుడే అసలు రోగం కనపడుతుంది, ఇందాక 10'-0" అని నమ్మిన కొన్ని గోడలు కూడా కాదని తేలతాయి. లిస్ట్ కమాండ్‌తో గీతలు చూస్తే 90 అనుకున్నది 89.97 అని వస్తుంది.

హద్దును సరిదిద్దొద్దు, పైన చెప్పినట్టు వృత్తాలతో కొత్తగా గీయండి, పది నిమిషాల పని. గోడలకు బయటి ఒక మూలను ఆధారంగా ఎంచుకుని అక్కడి నుంచే నడవండి. తప్పిన గోడను స్ట్రెచ్‌తో జరపాలి. మౌస్‌తో కుడి నుంచి ఎడమకు ఎంపిక గడి లాగి ఎంచుకుని, బేస్ పాయింట్‌గా ఆ గోడ లోపలి మూల ఇవ్వండి. ఇక్కడ 1/16 అని టైపు చేయకండి. 15/16 అని కనపడ్డదే గుండ్రం చేసిన అంకె, దాని వెనక ఇంకా తోక ఉంటుంది, 1/16 జరిపితే ఆ తోక మిగిలిపోతుంది. రెండో బిందువు అడిగినప్పుడు ఫ్రమ్ అని కొట్టి, ఎదుటి గోడ లోపలి మూలను చూపించి, @10',0 ఇవ్వండి. వెనక ఎంత తోక ఉన్నా పోతుంది. ఒకవేళ ఆ గోడ ఒక కొస కంటే ఇంకో కొస పక్కకు జరిగి ఉంటే స్ట్రెచ్ పనికిరాదు, చెరిపేసి మంచి గోడ నుంచి ఆఫ్‌సెట్ తీసుకోండి.

మూలలు ఫిల్లెట్‌తో కలపండి. రెండో గీత ఎంచుకునేటప్పుడు షిఫ్ట్ పట్టుకుంటే వ్యాసార్ధం ఎంతున్నా సున్నాగా తీసుకుని కొసలు కలిపేస్తుంది. ఆ తర్వాత ప్రతి గదిలోనూ బౌండరీ కమాండ్ ఇచ్చి లోపల క్లిక్ చేయండి. క్లోజ్డ్ పాలీలైన్ పుడితే ఆ గది బాగున్నట్టు. పుట్టకపోతే ఖాళీ ఉన్న కొసల దగ్గర ఎర్రటి వలయాలు చూపిస్తుంది, అక్కడికి జూమ్ చేసి కలపండి. హ్యాచ్‌లో గ్యాప్ టాలరెన్స్ పెంచితే హ్యాచ్ పడుతుంది, ఖాళీ మాత్రం అలాగే ఉంటుంది. అది గాయం మీద పౌడరు చల్లడమే, నేను వాడను.

చివరగా డైమెన్షన్లు. డిమ్‌అసోక్ అనే సెట్టింగ్ 2లో ఉండగా పెట్టినవైతే గోడ జరపగానే వాటంతట అవే మారతాయి. మారకుండా మొండిగా 10'-0" అనే ఉన్నవి కొన్ని ఉంటే, ఎవరో అంకె మీద చేత్తో టైపు చేశారన్నమాట. మీ ఆఫీసులో ఈ అలవాటు ఉంటే మీ తోకలు చాలావరకు ఇలాగే దాగి ఉంటాయి. ఆ డైమెన్షన్ ఎంచుకుని ప్రాపర్టీస్‌లో టెక్స్ట్ ఓవర్‌రైడ్ గడి చూడండి. అది ఖాళీగా ఉంటే చూపించేది అసలు కొలత, ఏదైనా రాసి ఉంటే చెరిపేయండి, గోడ అసలు ఎంతుందో అప్పుడు బయటికొస్తుంది.